ఐబ్ చెప్పి అమ్మావా, బేటా?



రెండు నెలల కిందట కారు కొన్నాను. కొత్తది కాదు, 2017 మోడల్ వ్యాగన్ ఆర్. అప్పట్నుంచీ ఏ దావత్‌కెళ్లినా దస్తర్‌ఖాన్ మీదకు బిర్యానీ వచ్చేలోపు ఎవరో ఒకరు అడుగుతున్నారు. ఎంతకు తీసుకున్నావు, ఎక్కడ దొరికింది, మా ఇంట్లో కూడా గొడవ చేస్తున్నారు, ఏది మంచిది అని. నాకు తెలిసినంత చెబుతూనే ఉన్నాను. కానీ దావత్‌లో చెప్పనిది ఒకటుంది. ఇక్కడ రెండూ కలిపే రాస్తాను. నా వరకు అవి విడివిడి సంగతులు కావు.

ముందు అవసరం. మా ఇల్లు గుంటూరులో, నౌకరీ తెనాలి కాలేజీలో. రానూపోనూ రోజుకు 50 కిలోమీటర్లు దాటుతుంది. అమ్మీకి మోకాళ్లు అరిగిపోయాయి. నెలకు రెండు మూడుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఆటో ఎక్కాలంటే కాలు పైకెత్తాలి. మామూలు కార్లో కూర్చోవాలంటే నడుము వంచి కిందికి కుంగాలి. రెండూ ఆమెకు నరకమే. "నన్ను ఇంట్లోనే వదిలెయ్ బేటా, డాక్టర్‌కి నా ఫోటో చూపించు" అని నవ్వేది. ఆ నవ్వు వెనక నొప్పి మాకు తెలుసు.

అంతకు ముందు మాకో పాత కారుండేది. అబ్బా మర్హూం తన కష్టార్జితంతో కొన్నది. దాన్ని 2025లో రంజాన్ ఈద్ అయిన వారానికి అమ్మేశాను. 95,000 వచ్చాయి. కొన్నాయన పొన్నూరు రోడ్డు వైపు చిన్న కుట్టు దుకాణం పెట్టుకున్న దర్జీ. మనవాడే. ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్ల ఖాన్‌దాన్‌లో అదే మొదటి కారు. తాళాలు చేతిలో పెట్టినప్పుడు బిస్మిల్లా అని కళ్లకద్దుకున్నాడు.

ఆ కారుకో ఐబ్ ఉంది. 20 కిలోమీటర్లు దాటాక టెంపరేచర్ ముల్లు మెల్లగా పైకి పాకేది. కూలెంట్ తగ్గిపోయేది. కింద మాత్రం ఒక్క చుక్క కనపడేది కాదు. మా మేస్త్రీ భాయ్ చలికాలంలోనే చెప్పాడు, "హెడ్ గ్యాస్కెట్ పోతోంది భాయ్, ఇవాళో రేపో ఇంజన్ ఇప్పాల్సిందే" అని. అమ్మేసే బండికి ఖర్చెందుకని నేను ఇప్పించలేదు. బేరం రోజు ఫజర్ నమాజ్ అయ్యాక రమ్మన్నాను. చల్లటి పూట. ముందు రోజు రాత్రే కూలెంట్ నిండా పోసి ఉంచాను. దర్జీ బామ్మర్ది నాలుగు కిలోమీటర్లు తిప్పి చూసి, "బాగుంది" అన్నాడు. నేను ఊరుకున్నాను. వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

కాగితాల దగ్గర మాత్రం నేను పక్కా. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు, ఆధార్ కాపీలు, డెలివరీ ఇచ్చిన తేదీ, టైముతో సహా రసీదు, అన్నీ రాయించుకున్నాను. పేరు మారకుండా బండి చేతులు మారితే, ఆ తర్వాత ప్రమాదం జరిగినా రికార్డుల్లో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఆ సంగతి నాకు తెలుసు. నా మీదకు ఏదీ రాకూడదని అంత జాగ్రత్త పడ్డాను. అతని మీదకు ఏం వస్తుందో ఆలోచించలేదు.

సాయంత్రం పైసలు తెచ్చి అమ్మీ చేతిలో పెట్టాను. ఆమె లెక్కపెట్టలేదు. "ఐబ్ బోల్‌కే బేచా క్యా, బేటా?" అంది. లోపం చెప్పి అమ్మావా అని.

"చూసుకునే కొన్నారు అమ్మీ" అన్నాను.

అది అబద్ధం కాదు. ఆమె అడిగిన దానికి జవాబు కూడా కాదు. అమ్మీ నా మొహంలోకి ఒకసారి చూసి, పైసలు అల్మారాలో పెట్టి మగ్రిబ్‌కి వుజూ చేసుకోవడానికి వెళ్లిపోయింది.

ఇక కొత్తగా కొనే కారు సంగతి. మా దగ్గర దాచుకున్నవి 2,20,000. పాత కారువి కలిపితే 3,15,000. కావాల్సింది రిపేర్లు, పేరు మార్పిడి, ఇన్సూరెన్సుతో కలిపి 3,60,000 దాకా. మిగతాదానికి బ్యాంకులో లోన్ తీసుకోవచ్చు, జీతం స్లిప్పు చూపిస్తే ఇస్తారు. బేగం ఒప్పుకోలేదు. "అమ్మీని ఆస్పత్రికి తీసుకెళ్లే బండి, సూద్ కట్టే పైసలతో వద్దు" అంది. ఇంకో ఏడాది ఆగుదామంటే అమ్మీ మోకాళ్లు ఆగేలా లేవు. చివరికి ఆపా వాళ్ల ఇంటికెళ్లి దుల్హాభాయ్‌ని 45,000 కర్జె హసనా అడిగాను. ఆయన ఒక్క ముక్కలో సరే అన్నాడు. ఒక షరతు పెట్టాడు: రాసుకోవాలి, ఇద్దరు గవాహీలు ఉండాలి. సొంత బావమరిదితో కాగితమేంటని ఆపా చిన్నబుచ్చుకుంది. దుల్హాభాయ్ నవ్వాడు. "ఖురాన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయత్ దేని గురించో తెలుసా? నమాజ్ గురించి కాదు, రోజా గురించి కాదు. అప్పు రాసుకోవడం గురించి. సూరా బఖరా, 282" అన్నాడు. ఆపా మారుమాట్లాడలేదు.

ఏ కారు అన్నది నెల రోజుల చర్చ. ఆల్టో చవక, పార్టులు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, కానీ సీటు కిందికి ఉంటుంది. స్విఫ్ట్ నాకిష్టం, అదీ అమ్మీకి పనికిరాదు, పైగా పాతదైనా ధర దిగదు. ఐ10 మంచి బండే, అయితే దాన్లో 1.1 ఇంజనుకు టైమింగ్ బెల్ట్, 1.2 కప్పా ఇంజనుకు చైన్. బెల్ట్ బండి కొంటే ఎప్పుడు మార్చారో రుజువు చూడాలి, తెగితే ఇంజన్ లోపలి వాల్వులకే ఎసరు. సెలేరియోలో క్లచ్ అక్కర్లేని ఏఎంటీ ఉంది, బేగం నేర్చుకుంటానంటే అది చూడొచ్చు. డీజిల్ వద్దనుకున్నాం. రోజుకు 50 కిలోమీటర్లకు దాని మెయింటెనెన్స్ గిట్టుబాటు కాదు. సీఎన్‌జీ పొదుపే కానీ సిలిండర్ డిక్కీ అంతా ఆక్రమిస్తుంది, అమ్మీ వాకర్ ఎక్కడ పెట్టాలి? అట్లా తిరిగి తిరిగి వ్యాగన్ ఆర్ దగ్గర ఆగాం. ఎత్తుగా ఉంటుంది. తలుపు తీసి కుర్చీలో కూర్చున్నట్టు పక్కకు తిరిగి కూర్చుంటే చాలు. 998 సీసీ, మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజను, టైమింగ్ చైన్. నిదానంగా నడిపితే మా రోడ్డు మీద లీటరుకు 18 ఇస్తుంది.

ఇంకో మాట. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ అన్ని కార్లలోనూ తప్పనిసరి అయింది 2019 జులై నుంచే. అంతకు ముందు మోడళ్లలో అది లేని బండ్లే ఎక్కువ. పాతది కొనేవాళ్లు ఈ ఒక్కటి మర్చిపోతారు. మ్యూజిక్ సిస్టం ఉందా అని అడుగుతారు, ఎయిర్‌బ్యాగ్ ఉందా అని అడగరు. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్నదే కావాలని నేను పట్టుబట్టాను.

వ్యాగన్ ఆర్ అనుకున్నాక కూడా ఒకరోజు మనసు జారింది. విజయవాడలో పాత కార్లమ్మే ఒక చోట తెల్ల హ్యాచ్‌బ్యాక్, 2019 మోడల్, 2,90,000 అన్నారు. మార్కెట్ కంటే లక్ష దాకా తక్కువ. అద్దంలా మెరుస్తోంది. సీట్లకు కొత్త కవర్లు, లోపల అత్తరు కొట్టినట్టు ఘుమఘుమ. తొందరపడి బయానా ఇచ్చేద్దామనుకున్నాను. మా మేస్త్రీ భాయ్ చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఆయన చూసే పద్ధతి చెబుతాను, మీక్కూడా పనికొస్తుంది. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది. "మనమొచ్చే ముందే స్టార్ట్ చేసి పెట్టారు" అన్నాడు. ఇంజన్ని చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయిస్తేనే దాని అసలు గొంతు తెలుస్తుంది. పొగ నీలంగా వస్తే ఆయిల్ తాగుతోందని. ఆయిల్ మూత లోపల పాల మీగడలాంటిది కనపడితే నీళ్లు కలుస్తున్నాయేమోనని అనుమానించాలి. తర్వాత బానెట్ బోల్టుల మీద పెయింట్ చెదిరిందా అని చూశాడు. చెదిరితే ఎప్పుడో విప్పారని అర్థం. టైరు మీద నాలుగంకెలు చదివాడు. ఉదాహరణకు 3522 అని ఉంటే 2022లో 35వ వారంలో తయారైందని. మీటర్లో 30,000 చూపిస్తూ బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే ఆ మీటర్ని నమ్మకూడదు.

ఆ తర్వాత చేసిన పని నేనెప్పుడూ చూడలేదు. సీట్ బెల్టు పట్టుకుని చివరిదాకా బయటికి లాగాడు. మామూలుగా ఎవరూ అంత లాగరు. పైన శుభ్రంగా ఉన్న పట్టీ మీద చివర్లో మట్టి రంగు గీత. సీటు కింద పట్టాల మీద తుప్పు. స్టెప్నీ ఎత్తితే దాని గుంటలో ఎండిన సన్నటి బురద. మ్యాట్ మూల లేపి ముక్కు దగ్గర పెట్టుకోమన్నాడు. అత్తరు కింద నుంచి మురిగిన నీళ్ల వాసన.

"సింగ్ నగర్ బండి భాయ్" అన్నాడు మెల్లగా.

2024 సెప్టెంబర్ ఒకటిన బుడమేరు పొంగి విజయవాడలో అజిత్‌సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల పేటలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మన జమాత్ కుర్రాళ్లతో కలిసి అన్నం పొట్లాలు పంచడానికి నేనూ వెళ్లాను. నడుముల్లోతు నీళ్లలో కార్ల పైకప్పులు మాత్రమే కనపడ్డాయి. వాటిలో ఒకటి ఇట్లా ముస్తాబై నా ముందుకొచ్చింది. నీళ్లలో మునిగిన కారు నడుస్తుంది. నడవదని కాదు. కానీ వైర్ల కీళ్లలో, కంప్యూటర్ బాక్సులో తుప్పు నెమ్మదిగా పని చేస్తుంది. ఆరు నెలలకో ఏడాదికో నడిరోడ్డు మీద ఆగుతుంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవాల్సిన రోజున తెరుచుకుంటుందన్న భరోసా లేదు.

నాకు కోపం ఆగలేదు. అక్కడున్న కుర్రాణ్ని, "మునిగిన బండని ఎందుకు చెప్పలేదు? ఇది ధోకా కాదా?" అని గట్టిగా అడిగాను. అతను బెదరలేదు.

"సార్, మునగలేదని నేను చెప్పానా? మీరు అడగలేదు, నేను చెప్పలేదు. ధర తక్కువున్నప్పుడే తెలుసుకోవాలి కదా" అన్నాడు.

తిరిగొస్తూ మంగళగిరి దగ్గర చాయ్‌కి ఆగాం. నేనింకా ఆ కుర్రాణ్ని తిడుతూనే ఉన్నాను. మేస్త్రీ భాయ్ గ్లాసు ఊదుకుంటూ, నవ్వుతూనే అన్నాడు: "వదిలెయ్ భాయ్. యాపారమంటే ఇంతే. మీరు మాత్రం ఆ దర్జీకి గ్యాస్కెట్ సంగతి చెప్పారా ఏంటి?"

ఆయన నన్ను పొడవాలని అన్లేదు. రోజూ చూసే లోకం అది. కానీ నాకు చాయ్ గొంతు దిగలేదు.

బేరసారాల తెలుగులో మన మాటలు ఎన్ని ఉన్నాయో ఎప్పుడైనా గమనించారా? బయానా, రసీదు, ఖరీదు, బాకీ, వసూలు, జామీను, కిస్తీ. దగా అన్న మాటా అక్కణ్నించి వచ్చిందే. ఐబ్ అన్న మాట మాత్రం నేను బేరాల దగ్గర వినలేదు. అది మా అమ్మీ నోటే విన్నాను.

ఆ రాత్రి ఇషా తర్వాత చాలాసేపు మస్జిద్‌లోనే కూర్చున్నాను. చిన్నప్పట్నుంచీ జుమా ఖుత్బాల్లో విన్న హదీసే గుర్తొచ్చింది. రసూలుల్లా సల్లల్లాహు అలైహి వసల్లం మదీనా బజార్లో ధాన్యం రాశిలో చెయ్యి పెట్టారు. పైన పొడిగా ఉంది, లోపల వేళ్లకు తడి తగిలింది. వాన పడిందని ఆ వర్తకుడు చెప్పుకున్నాడు. మరి తడిసింది పైన ఎందుకు పెట్టలేదు, జనం చూసేవాళ్లు కదా అన్నారాయన. మోసం చేసినవాడు మాలోనివాడు కాదని కూడా అన్నారు. ఆ వర్తకుడు కూడా అబద్ధం ఆడలేదు. తడి ధాన్యాన్ని కిందికి తోశాడంతే. నేను రాత్రిపూట కూలెంట్ పోసి, చల్లటి పూట పిలిచాను.

అల్లాహ్‌కూ మనకూ మధ్య ఉన్న తప్పులు తౌబాతో మాఫ్ అవుతాయంటారు. మనిషి హక్కు తింటే ఆ మనిషే మాఫ్ చేయాలి. హుఖూఖుల్ ఇబాద్ అంటే అదే. మస్జిద్‌లో ఎంతసేపు కూర్చున్నా పని జరగదని అర్థమైంది.

మర్నాడు అసర్ తర్వాత దర్జీ దుకాణానికి వెళ్లాను. మిషన్ మీద స్కూల్ యూనిఫాం కుడుతున్నాడు. సలాం చెప్పి, స్టూల్ వేసి, చాయ్ తెప్పిస్తానన్నాడు. వద్దని, నిలబడే చెప్పాను. హెడ్ గ్యాస్కెట్ పోయిందని నాకు ముందే తెలుసు, మీకు చెప్పకుండా అమ్మాను అని.

మిషన్ ఆగింది. కాసేపు అతనేం మాట్లాడలేదు.

"మీకు తెలియదనుకున్నాను భాయ్" అన్నాడు చివరికి. "మా మెకానిక్ చెప్పాడు, అమ్మినాయనకు తెలిసే ఉంటదని. నేనే వాదించాను. లెక్చరర్ సాబ్ కదా, తెలిస్తే చెప్పేవారని."

మే నెలలో చీరాలలో షాదీకి బయల్దేరారట. బాపట్ల దాటాక బానెట్ కింద నుంచి ఆవిరి. మిట్టమధ్యాహ్నం. చెట్టు నీడ కూడా లేని చోట రెండు గంటలు రోడ్డు పక్కన. చిన్నపాపకు అప్పటికి ఏడాది నిండలేదు. బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. హెడ్ విప్పి ఫేసింగ్ చేయించి, గ్యాస్కెట్ మార్చినందుకు 14,500. బిల్లు డ్రాయర్లోనే ఉంది, తీసి చూపించాడు.

20,000 తీసుకెళ్లాను. మొత్తం అతని చేతిలో పెట్టాను. బిల్లు చూసి, 14,500 లెక్కపెట్టుకుని, మిగిలినవి నా చేతికే ఇచ్చేశాడు. మాఫ్ చేయమని అడిగాను.

"పైసల సంగతి అయిపోయింది భాయ్. నా వరకు ఏం లేదు" అన్నాడు. "కానీ ఆ ఎండలో పాపను ఒళ్లో వేసుకుని కూర్చుంది మా ఇంటావిడ. ఆమెను అడగాలి. అడిగి చెబుతాను."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఖుదా హాఫిజ్ చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చి అమ్మీకి జరిగిందంతా చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు, మెచ్చుకోలేదు. "ఆ రోజే నీ మొహం చూసి తెలుసుకున్నాను. నువ్వే చెప్తావని ఆగాను" అంది.

బడ్జెట్లో 14,500 తగ్గింది. దుల్హాభాయ్ దగ్గరకెళ్లి 45,000 కాదు, 60,000 కావాలన్నాను. ఎందుకని అడిగాడు. దాచలేదు, చెప్పాను. ఆయన కాగితం తీసి 60,000, నెలకు 6,000 చొప్పున పది నెలలు అని రాశాడు. నేనూ, ఇద్దరు గవాహీలూ దస్తఖత్ చేశాం.

వ్యాగన్ ఆర్ తెనాలిలోనే దొరికింది. మా కాలేజీ అటెండర్ చెప్పాడు, ఫలానా రిటైర్డ్ మాస్టారు కొడుకు దగ్గరకు వెళ్లిపోతున్నారు, కారు అమ్ముతున్నారని. ఒకే ఓనర్, 52,000 కిలోమీటర్లు, సర్వీస్ బిల్లులన్నీ ఫైల్లో వరుసగా ఉన్నాయి. మేస్త్రీ భాయ్ ఇంకా బానెట్ ఎత్తలేదు, మాస్టారు జేబులోంచి కాగితం తీశారు. తెల్ల కాగితం మీద గుండ్రటి అక్షరాలు. "ఒకటి: ఎడమవైపు వెనక తలుపు ఆటో గీసుకుంటే మళ్లీ పెయింట్ వేయించాను. రెండు: క్లచ్ బరువైంది, ఏడాదిలోపు మార్చాల్సి వస్తుంది. మూడు: మిట్టమధ్యాహ్నం ఎండలో ఏసీ చాలదు." చదివి నా చేతిలో పెట్టారు. "నేను చెప్పకపోయినా మీ మెకానిక్ కనుక్కుంటాడు బాబూ. కనుక్కోకపోతే నాకు నిద్ర పట్టదు" అన్నారు.

ఆయన 3,45,000 అన్నారు. బేరమాడే మొహం నాకు లేదు. ఆయనే క్లచ్ ఖర్చని 10,000 తగ్గించారు.

ఫోన్లో ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూస్తే బ్యాంకు లోన్ ఇంకా నమోదై ఉంది. మాస్టారు కంగారు పడ్డారు, "ఎప్పుడో తీర్చేశానే" అని. నిజంగానే తీర్చారు. కానీ తీర్చాక బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 పెట్టి ఆర్సీలో ఆ పేరు తీయించాలని ఆయనకు తెలియదు. చాలామందికి తెలియదు. మీ బండి లోన్ తీరిపోయి ఉంటే ఇవాళే ఒకసారి చూసుకోండి. ఆ పని అయ్యాకే మిగతా పైకం ఇచ్చి, పేరు మార్పిడికి పెట్టాం. పద్నాలుగు రోజుల్లోపు ఇన్సూరెన్స్ కూడా నా పేరు మీదకు మార్పించుకున్నాను. చలాన్లు ఏమైనా బాకీ ఉన్నాయేమో కూడా ముందే చూడాలి. మాస్టారి పేర ఒక్కటీ లేదు.

బండి ఇంటికొచ్చిన రోజు అమ్మీ గుమ్మంలోంచి వాకర్ పట్టుకుని వచ్చింది. తలుపు తీశాను. పక్కకు తిరిగి కూర్చుంది, కాళ్లు ఒక్కొక్కటిగా లోపలికి పెట్టుకుంది. నేను పట్టుకోబోతే వద్దంది. ఎవరి సాయం లేకుండా కారెక్కడం రెండేళ్లలో అదే మొదటిసారి. సవారీ దువా చదువుకుని, "చల్" అంది.

మాస్టారి కాగితం గ్లవ్ బాక్సులోనే ఉంది. దాని కింద నా చేతి రాతతో నాలుగోది చేర్చాను: ముందు బంపర్ కింద కుడివైపు గీత, మా గేటుకు తగిలింది. ఈ బండి నా తర్వాత ఎవరి దగ్గరకు వెళితే వాళ్లకు తాళంతో పాటు ఆ కాగితం కూడా ఇవ్వాలి. అది నా దగ్గరున్న అమానత్.

దర్జీ దగ్గర నుంచి ఇంకా ఏ కబురూ లేదు. రోజూ పొద్దున తెనాలికి అటుగానే వెళ్తాను. దుకాణం తెరిచి ఉంటే హారన్ కొట్టకుండా కాస్త నిదానం చేసి చెయ్యెత్తి సలాం చెబుతాను. అతను తల ఊపుతాడు. పక్కన ఆయన భార్య బొత్తాలు కుడుతూ కనిపించిన రోజున మాత్రం నా చెయ్యి పైకి లేవదు. దువా చేయండి.